కొట్టని వజీర్

వాడు చదరంగం బొమ్మను పట్టుకునే తీరు చూస్తేనే నాసర్‌కు చీదర పుడుతుండె. ఏనుగును నెత్తి పట్టుకొని లేపుతడు, గాలిల అటు ఇటు తిప్పుతడు, ఏ గడి అనుకున్నడో మర్చిపోయినట్టు ఆగుతడు, మళ్ల తెచ్చి ఎక్కడ లేపిండో అక్కడ్నే పెట్టి చెయ్యి చొక్కాకు తుడుసుకుంటడు. ముట్టుకుంటే ఆడాలె అని గోడకు మూడు జబాన్లల రాసి పెట్టి ఉన్నది, కని వానికి చెప్పెటోడు ఎవ్వడున్నడు ఈ హాల్‌ల. రాంగోపాల్‌పేట్ కితాబ్‌ఘర్ మీది అంతస్తుల ఏడు మేజాలు, పద్నాలుగు మంది మనుషులు. అందరు ఎవరి ఆట వాళ్లు చూసుకుంటున్నట్టు తలలు వంచిండ్రు కని చెవులన్ని ఈ మూలనే ఉన్నయని నాసర్‌కు తెలుసు. ఏసురత్నం అట వాని పేరు. గుంటూరు దిక్కు నుంచి కొత్త సర్కార్‌తోని దిగిన దొర. దొర అంటే నవ్వొస్తది. నలబై ఏండ్లుంటయేమో, సన్నటి మనిషి, కాలర్ మెడకు రెండు వేళ్లు వదులు, తల నూనె చెవుల దాక కారుతున్నది. పొద్దున చర్చికి పోయి అటే వచ్చినట్టున్నడు, చొక్కా చేతుల ఇస్త్రీ మడత ఇంకా విరగలే. ఒంటెను ఏనుగు లెక్క నడిపించబోయి నాలిక కరుసుకున్నడు ఇందాక. గిసొంటోని చేతిల ఉన్నది తన పదిహేడేండ్ల నౌకరీ. గిసొంటోనికి ఓడాలె.

ఓడాలె అని బాహాటంగ అన్నోడు ఒక్కడు లేడు. శుక్రవారం సాయంత్రం తుకారాం తన ఇత్తడి దుకాణం మూసుకుంట ఆ సంగతి ఎత్తిండు, రోడ్డు మీద ఎవరో వింటరన్నట్టు అటు ఇటు చూసుకుంట. పోటీ పెట్టించెటోడు తుకారామే, ఎవరికి ఎవరు జోడీ అని రాసెటోడు తుకారామే. పనిల నుంచి ఆపేసిన దఫ్తర్ గుమాస్తల, అహల్కార్ల లిస్టు తయారైతున్నదట, ఎవర్ని తిరిగి తీసుకోవాలె, ఎవరి పేరు కొట్టెయ్యాలె అని. ఆ కాయితాలన్ని ఏసురత్నం మేజా మీదనే ఉంటయట, ఆయన చెయ్యి దాటకుంట ఒక్కటి పోదట, ఆయనకు షత్రంజ్ అంటే పానమట. మూడో ఆట నీకు ఆయనకే పడ్డది, ఇగ నువ్వే సోచాయించుకో అని చెప్పి తాళం రెండుసార్లు గుంజి చూసిండు. నాసర్‌కు ఆ మాటల కంటె తుకారాం నెత్తి మీది టోపీనే ఎక్కువ కనపడ్డది. సెప్టెంబర్ పదిహేడు దాక ఎర్ర రూమీ టోపీ, కుచ్చు ఊగుకుంట. పందొమ్మిది పొద్దుగాల తెల్ల ఖద్దరు టోపీ. నడుమ పద్దెనిమిది నాడు ఒక్క దినం ఉత్త నెత్తితోని తిరిగి ఉంటడు, ఆ దినం వాణ్ని ఎవ్వరు చూడలే. ఫౌజు ట్యాంకులేసుకొని వచ్చిన దాన్ని పేపరోళ్లు పోలీస్ యాక్షన్ అని రాస్తిరి, ఇగ తుకారాం టోపీ మారిస్తే అదేం పెద్ద ముచ్చట. ఈ హాల్ గోడ మీద నిజాం హుజూర్ తస్వీర్ ఉన్న జాగల సుత వాడే ఒక క్యాలెండర్ వేలాడదీసిండు. కని తస్వీర్ పెద్దది, క్యాలెండర్ చిన్నది, నాలుగు దిక్కుల సున్నం తెల్లగ కనిపిస్తనే ఉన్నది. అయిదు నెలల సంది ఎవ్వనికి ఇంకొంచెం పెద్ద క్యాలెండర్ తేవాలనిపియ్యలే.

ఏసురత్నం ఈసారి బంటును జరిపిండు. అంచు బంటు, ఒక్క గడి. రెండు గడులు పోవచ్చని ఇంగ్లీషు ఖాయిదల ఉన్నదని తెలిసి సుత ఒక్క గడే. జరిపి, ఏదో పెద్ద ఫైసలా చేసినట్టు కుర్చీల వెనుకకు వాలిండు. నాసర్ తన గుర్రాన్ని లేపి వాని నడిమి బంటు కొట్టేతట్టు తెచ్చి పెట్టిండు. చిన్న పోరగానికి సుత కనపడాలె అది. తీస్కో, అనుకున్నడు. తీస్కొని నీ లిస్టుల నా పేరు మీద గీత గియ్యకు. కట్టె గుర్రం, పుట్టినకాడి నుంచి ఎవరో ఒకరు కొట్టెయ్యడానికే ఉన్నది. పొద్దున పెండ్లాం అమీనా అన్న మాట సుత గదే. షేర్వానీకి ఊడిన గుండీ కుట్టుకుంట, ఓడితే ఏం పోతది, కట్టె బొమ్మలే కద అన్నది. ఆ మాటకు కోపం రాలే. దారం పంటితోని తెంపి తర్వాత చెప్పిన దానికే వచ్చింది. "మీ ఆట ఎన్నడు మనకు అన్నం పెట్టలే. ఒక్క దినం పెట్టనియ్యుండ్రి." నాసర్‌ను దఫ్తరోళ్లు ముఅత్తల్ చేసిండ్రు, అంటే నౌకరీ ఉన్నది కని పని లేదు, జీతం లేదు, తీసేసిండ్రని కాయితం సుత లేదు. అమీనా తమ్ముడు కరాచీ నుంచి నెలకు రెండు ఉత్తరాలు రాస్తున్నడు, వచ్చెయ్యుండ్రి, ఇక్కడ దఫ్తర్లల ఉర్దూ రాసెటోళ్లు కావాలె అని. ఆమె ఆ ఉత్తరాలు చదివి వినిపియ్యది, మడిచి గూట్ల పెడుతది, పెట్టేటప్పుడు నాసర్ ముఖం చూస్తది. సముద్రం నాసర్ ఎన్నడు చూడలే. హుస్సేన్ సాగర్ దాటి పోవాలంటేనే ఆయనకు పరేషాన్. లిస్టుల పేరు కొట్టేస్తే ఇగ ఆమెకు చెప్పెతందుకు ఏమీ మిగలదు, పెట్టెలు కట్టుడే.

గుర్రాన్ని వాడు చూడలే. ఇంకో బంటును జరిపిండు.

నాసర్ పండ్లు కొరికిండు. గెలుసుడు తెలుసు, పదకొండేండ్ల సంది ఈ హాల్‌ల ఒక్కనికి ఓడలే, నిద్రల లేపి కూసోబెట్టినా గెలుస్తడు. ఓడుడే ఎన్నడు నేర్వలే. అదీ, అవతలోడు కండ్లుండి చూడనోడైతే ఓడుడు సుత ఒక ఇల్మే, ఒక విద్యే. ఒక బంటును ఇచ్చిండు, దాన్ని కొట్టిండు వాడు, సంబురపడ్డడు. ఇంకోటి ఇచ్చిండు, అదీ కొట్టిండు. బంట్లు కనపడుతయి వీనికి, గుర్రాలు కనపడయి. పోయిన వారం ఇదే వీనితోని పర్వతాలు అనెటోడు ఆడంగ నాసర్ వెనుక నిలబడి చూసిండు. పర్వతాలుకు కల్లు దుకాణాలున్నయి, వాటి లైసెన్సులు కొత్త సర్కార్ కింద మళ్ల రాయాలె. పర్వతాలు తన రాజును చేతులార నడిపించుకొచ్చి మాత్ మూలల నిలబెట్టిండు, ఓడిపోయి లేసి రెండు చేతులు జోడించి దండం పెట్టిండు. ఆ దండం చూసి నాసర్, గిట్ల సుత బతుకుతరా మనుషులు అనుకున్నడు. ఇయ్యాల తన చెయ్యి పర్వతాలు చెయ్యి కంటె కొంచెం సాఫ్‌గ ఆడుతున్నది, అంతే ఫరక్. చూసెటోళ్లకు సుత అనుమానం రావొద్దని ప్రతి తప్పుకు ముందట రెండు నిమిషాలు కండ్లు మూసుకుంటున్నడు, ఏదో లోతుగ లెక్కేస్తున్నట్టు. అబద్ధానికి అంత నగిషీ పర్వతాలుకు సుత చేతకాలే.

నగిషీ ఎక్కడ నేర్సుకున్నడో ఆయనకు ఎరికే. పోయినేడు జూన్‌ల దఫ్తర్ పెద్దసాబ్ అందర్ని వరుసల నిలబెట్టి తలా ఒక వెదురు కట్టె ఇచ్చిండు, తుపాకి అనుకొమ్మన్నడు. మూడు సాయంత్రాలు మైదాన్‌ల, రజాకార్ల జమేదార్ ఒకడు కేకలు పెడుతుంటె, యాబై మంది అహల్కార్లు పొట్టలేసుకొని కవాతు చేసిండ్రు. ఒక్కడు రాకుంటే వాని పేరు రాసుకుంటుండ్రి. నాసర్ ముందు వరుసల ఉండె, ఎత్తరి గనుక. అందరి కంటె సాఫ్‌గ కాలు లేపిండు, ఎవ్వడు వేలు పెట్టి చూపొద్దని. లోపల నవ్వుకున్నడు, ఈ గాడిదలు ఈ కట్టెలతోని ఢిల్లీని ఆపుతరా అని. లోపల నవ్విన నవ్వు ఎవనికి కనపడుతది, బయట లేసిన కాలే కనపడుతది. ఫౌజు వచ్చినంక ఎవడో అర్జీ రాసిండు, నాసర్ కవాతు చేసిండని, ముఅత్తల్ చేసింది దానికే. అబద్ధమైతే మంచిగుండు, కాదని ఖురాన్ పట్టుకొని చెప్పెటోడు. నిజం రాసిండు, అదే తక్లీఫ్.

మూడో సాయంత్రం రోడ్డు మీద బ్రహ్మచారి నిలబడి చూసిండు. వడ్ల బ్రహ్మచారి, వడ్రంగి, భుజాన బాడిశ, చేతిల సంచి. పన్నెండేండ్ల పిలగాడప్పుడు నాసర్‌కు షత్రంజ్ నేర్పింది ఆయనే, పనికిరాని టేకు ముక్కలతోని బొమ్మలు చెక్కి. చూసిండు, పోయిండు, ఆ సంగతి మళ్ల ఎన్నడు ఎత్తలే. సెప్టెంబర్‌ల ఊరంత దర్వాజలు మూసుకున్న దినాలల్ల, గల్లీ చివర నుంచి కేకలు వినపడుతుంటె, బ్రహ్మచారి తన పని బల్లను గుంజుకొచ్చి నాసర్ ఇంటి గడప ముందట ఏసుకున్నడు. నాలుగు దినాలు అక్కడ్నే కూసొని చిత్రిక పట్టిండు. ఎవలకు తలుపులు చేస్తున్నవయ్యా ఇప్పుడు అని ఎవలో అడిగితె, ఈ ఇంటికే, పాతయి పాడైనయి అన్నడట. లోపల అమీనా, నాసర్ ఆ చప్పుడు వినుకుంట కూసున్నరు. అయిదో దినం బల్ల ఎత్తుకొని పోయిండు. గడప కాడ పొట్టు మోకాలెత్తు ఉండె. ఊడ్చింది అమీనానే. నాసర్ అప్పటి సంది ఆయన దుకాణం దిక్కు పోలే, పోతే ఆ ముఖం చూడాలె. తుకారాంను చూసి ఈసడించుకోవచ్చు, పర్వతాలును చూసి ఈసడించుకోవచ్చు, ఈ నూనె తల దొరను చూసుకుంట దినమంత గడపొచ్చు. బ్రహ్మచారిని అట్ల చూడరాదు, అందుకే చూసుడే మానుకున్నడు.

గోడ గడియారం మూడున్నర కొట్టింది. తుకారాం అవతలి మేజా కాడికి వచ్చి నిలబడి ఊరికెనే దగ్గిండు. ఇంత సేపు ఎందుకు పడుతున్నది అని ఆ దగ్గుకు అర్థం. నాసర్‌కు ఒళ్లు మండింది. సరే, ఇగ చూడకుంట ఎట్ల ఉంటవో చూస్త అనుకొని వజీర్‌ను లేపిండు. పలక మీద దాని కంటె పెద్ద బొమ్మ లేదు. పదకొండేండ్లల్ల ఒక్కసారి సుత దాన్ని ఉత్తగ పోగొట్టలే. తీసుకపోయి ఏసురత్నం ఒంటెకు సూటిగ, నడుమ అడ్డం లేకుంట, కాపు లేకుంట పెట్టిండు. పెట్టి చెయ్యి వెనుకకు తీసుకున్నడు. మైదాన్‌ల కాలు లేపింది సుత గిట్లనే, సాఫ్‌గ.

ఏసురత్నం చూసిండు. ఒంటెను చూసిండు, వజీర్‌ను చూసిండు, నాసర్‌ను ఒకసారి చూసిండు. చూసి, అంచు బంటును ఇంకో గడి జరిపిండు.

ఇగ ఏం చెప్పాలె వీనికి. నాలుగు నెలల సంది గల్లీ గల్లీల ఊరందరి తకదీర్ రాసెటోడు అని జనం చెప్పుకున్నది గీ గుడ్డోని గురించేనా. తన ఎత్తును తన ఏనుగు మీద వృథా చేసిండు నాసర్, వజీర్‌ను అక్కడ్నే వదిలేసి. ఏసురత్నం మళ్ల సోచాయించిండు. నుదుటికి చెమట పట్టింది, రుమాలు తీసి తుడుసుకున్నడు. తన రాజును ఒక్క గడి పక్కకు జరిపి, రెండు చేతులు ఒళ్లె పెట్టుకున్నడు. తర్వాత పలక మీది నుంచి కండ్లు లేపకుంటనే, పక్క మేజాకు వినపడనంత మెల్లగ అన్నడు.

"మీ మంత్రిని తీసేసుకోండి."

నాసర్‌కు అర్థం కాలే. ఏంది అన్నడు.

"మంత్రినండీ. ఎత్తు మీదేగా ఇప్పుడు. రెండు ఎత్తుల నుంచీ నా ఒంటెకి ఎదురుగా ఉంది. నేను కొట్టను." కొంచెం ఆగి, తప్పు ఒప్పుకుంటున్నట్టు మళ్ల అన్నడు. "ఇందాక గుర్రాన్ని కూడా ఇచ్చారు కదూ. అది నాకు నిజంగానే కనపడలేదు. ఇప్పుడే చూశాను. మంత్రిని మాత్రం చూశాను."

ముఖం మీద ఎవరో తడిబట్టతోని కొట్టినట్టు అయింది నాసర్‌కు. లేసి పోదామని కుర్చీ అంచు పట్టుకున్నడు. ఏసురత్నం మెల్లమెల్లగ చెప్పుకుంట పోయిండు, పలకతోని మాట్లాడుతున్నట్టు. గుంటూరుల పన్నెండేండ్లు ఆడిండట, ఏడాదికి రెండు ఆటలు గెలిస్తే గొప్పనట. ఇక్కడికి వచ్చి నాలుగు నెలలల్ల పంతొమ్మిది ఆటలు గెలిచిండట. మొదట్ల నిజమే అనుకున్నడట, ఇక్కడి నీళ్లు పడ్డయి, ఆట పెరిగింది అని భార్య ఎలీసబెతుకు ఉత్తరం సుత రాసిండట. పర్వతాలు ఓడిపోయి దండం పెట్టిన దినం తెలిసిందట సంగతి. ఆ రాత్రి ఉత్తరాల రాసిన మాట గుర్తుకొచ్చి అన్నం తినబుద్ది కాలేదట.

"నేను దొరను కానండీ," అన్నడు. "టైపిస్టుని. పెద్దవాళ్ళు రాసిచ్చింది కొడతాను, అంతే. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వి, ఇంకో బుట్ట పళ్ళు పంపిస్తున్నారు. మీరు బాగా ఆడతారని విన్నాను. నిజంగా ఆడేవాడితో ఒక్క ఆట ఆడదామని వచ్చాను."

టైపిస్టు. ఒక టైపిస్టుకు వజీర్‌ను అమ్మబోయిండు, వాడు సుత కొనలే. నాసర్‌కు మొదలు కోపం తుకారాం మీద వచ్చింది, తర్వాత అమీనా మీద, ఆమె కుట్టిన గుండీ మీద. ఎక్కడ నిలవలే ఆ కోపం, తిరిగి తిరిగి తన చేతి వేళ్ల కాడికే వచ్చింది. మరి ఆ లిస్టు సుత నువ్వే కొట్టి ఉంటవు కద, అందుల నేనున్ననా అని అడుగుడు ఎంత సేపు. నాలిక మీద ఉన్నది మాట. ఈ మనిషి అబద్ధం చెప్పడు, అడిగితే చెప్తడు, అదీ తెలుస్తున్నది. ఇంకా టైపు కాకపోయి ఉంటే, ఒక మాట ఎక్కడన్న వేస్తడేమో, పెద్దసాబ్ మంచిగున్నప్పుడు ఒక్కమాట. మంత్రిని కొట్టు అని బతిమిలాడొచ్చు. కొట్టినంక ఇద్దరు దోస్తులై బయటికి పోయి చాయ్ తాగొచ్చు.

నాసర్ వజీర్‌ను లేపి వెనుకకు తెచ్చుకున్నడు.

అప్పుడు చూసిండు పలకను, గంట సేపట్ల మొదటిసారి. ఎంత గలీజు చేసిపెట్టిండు. రెండు బంట్లు పోయినయి, ఏనుగు పనికిరాని మూలల ఉన్నది, రాజు ముందట దర్వాజ తెరిచే ఉన్నది, ఇంత రోత ఆటను తన చేతులతోని కట్టిండు. అయినా అవతల రాజు సుత బయటనే తిరుగుతున్నడు. ఏనుగును మూల నుంచి తీసిండు. ఒంటెను వాలుగ ఏసిండు. ఏసురత్నం ఈసారి ముందుకు వంగి కూసున్నడు, ఒక్క బొమ్మను సుత ఉత్తగ లేపి పెట్టలే. తప్పులే చేసిండు, కని అవన్ని వాని సొంత తప్పులు. ఒక ఎత్తు మంచిది ఆడిండు సుత, నాసర్ దానికి నిజంగనే రెండు నిమిషాలు ఆగాల్సి వచ్చింది, ఆగి, బాగుంది అని గొంతుల అన్నడు. తుకారాం దగ్గుడు మళ్ల వినపడ్డది, ఈసారి రెండుసార్లు. దగ్గుకో అనుకున్నడు. వజీర్ కిందికి దిగింది, ఏనుగు దాని వెనుక నిలబడ్డది. షహ్ అన్నడు. రాజు జరిగిండు. మళ్ల షహ్. ఎనిమిదో ఎత్తుకు పోయెతందుకు గడి లేదు.

"మాత్," అన్నడు నాసర్.

ఏసురత్నం తన రాజు చుట్టు ఉన్న గడులన్ని వేలు పెట్టి ఒక్కొక్కటి చూసిండు. ఒక్కటి సుత లేదని తేలినంక ముఖం ఇప్పారింది, కండ్లల్ల అసొంటి సంబురం ఈ హాల్‌ల గెలిచినోళ్లల్ల సుత నాసర్ చూడలే. ఎంత బాగా కొట్టారండీ అన్నడు. మళ్ల వెంటనే ఆ సంబురం తగ్గింది. పలక మీదికి వంగి, ఇగ చెప్పకుంట ఉండుడు దొంగతనం అయితదన్నట్టు చెప్పిండు.

"లిస్టు బుధవారమే కొట్టాను. సంతకాలైపోయాయి. మీ పేరు తీసేసినవాళ్ళలో ఉంది. నేను ఈ ఆట గెలిచినా అది అంతేనండీ." రుమాలు మళ్ల తీసిండు. "ఇంకోటి. పేరు తప్పు పడింది, నాజర్ అని. అయ్యగారికి చూపించాను. పర్లేదు, పోనీ అన్నారు."

పదిహేడేండ్లు. బయట రోడ్డు మీద టాంగా గుర్రం గజ్జెల చప్పుడు పోయింది. నాసర్ దినాలు లెక్కేసిండు. బుధవారం అంటే, శుక్రవారం తుకారాం తాళం గుంజి చూసేటాల్లకే అయిపోయింది. పొద్దున అమీనా దారం తెంపేటాల్లకే అయిపోయింది. అయిపోయిన దాని కోసమే గంట సేపు ఆ రోత. ఎవడో నాజర్ అనెటోని నౌకరీ పోయింది. నాసర్‌కు నవ్వొచ్చింది, లోపలి నవ్వు కాదు, పక్క మేజా ఇద్దరు తల తిప్పి చూసిండ్రు. ఎదురుంగ ఉన్న మనిషి ఇంకా భయంభయంగనే చూస్తున్నడు, రుమాలు చేతిల నలుపుకుంట.

"నీకు ఆట రాదు," అన్నడు నాసర్. అయిదు నెలలల్ల నోట్ల నుంచి వచ్చిన మొదటి సాఫ్ మాట అనిపించింది.

"రాదండీ," అన్నడు ఏసురత్నం, ఎన్నో దినాల సంది ఎవరన్న ఆ మాట అంటరేమో అని చూస్తున్నట్టు.

"ఒంటె ఎందుకున్నదో తెల్వదు నీకు. దాన్ని తాళమేసి ఇంట్ల పెట్టినవు. చూడు." బొమ్మలను మళ్ల మొదటి వరుసలల్ల పేర్చిండు, ఒంటెలు ఏ దారిన బయటికి వస్తయో చూపించిండు, ఎవరు చూస్తున్నరని చూడకుంట. ఏసురత్నం ఒకటి అడిగిండు, అదీ మూర్ఖంగనే అడిగిండు. నాసర్ తిట్టుకుంటనే మళ్ల చూపించిండు. ఇట్లనే ఒకప్పుడు టేకు ముక్కల ముందట కూసొని తిట్లు తిన్నడు తను సుత. బ్రహ్మచారి దుకాణం ఇక్కడి నుంచి నాలుగు గల్లీలే. పోవాలె, ఇయ్యాలనే, ఇంటికి పోయేటప్పుడు. ఏం మాట్లాడాలో తెల్వదు, మాట్లాడకుంట కూసుంటే సుత అయితది. అమీనాకు చెప్పుడు కష్టం. గూట్ల ఉత్తరాలు అన్ని బయటికి తీస్తది. తియ్యని.

తుకారాం రిజిష్టర్ పట్టుకొని వచ్చిండు, కలం చెవి మీద. పలకను చూసిండు, ఇద్దరి ముఖాలు చూసిండు, ఏదో మంచి కబురు కోసం చూస్తున్నట్టు. ఎవరు గెలిచిండ్రు అన్నడు. ఏసురత్నమే వేలు చూపించిండు నాసర్ దిక్కు, నవ్వుకుంట. తుకారాం ముఖం టోపీ కింద చిన్నగైంది. నాసర్ చెవి కాడికి వంగి, పాగల్ అయినవా ఏంది, ఇంత చెప్పినంక సుత అన్నడు. నాసర్ ఒంటెను దాని గడిల సర్దిండు. తుకారాం నిలబడి, అందరికి వినపడేటట్టు గొంతు మార్చిండు. వచ్చే ఆదివారం నాలుగో ఆట ఉన్నది, జోడీలు రాయాలె, మీ ఇంటోళ్లు కరాచీ పోతున్నరని ఊరంత అంటున్నరు, ఉంటవా పోతవా తెలిస్తే జాగ పెడుత లేకుంటే లేదు అన్నడు. హాల్‌ల ఆటలన్ని ఆగినయి. మిగిలిన మేజాల మనుషులు ఈసారి దాచకుంటనే చూస్తున్నరు.

"ఉంటా," అన్నడు నాసర్. "రాసుకో. పేరు తప్పు లేకుంట రాయి."